వాన వెలిసింది కదా అని పార పట్టకండి

ఫిబ్రవరి నెలాఖరు వచ్చిందంటే అమెరికాలో టెక్సస్ రాష్ట్రంలోని డాలస్ చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో తోటపని హడావుడి మొదలు. గ్యారేజీలో లైటు కింద టమాటా, వంగ, మిరప నారు నాలుగాకులు వేసి ఉంటుంది. గోంగూర, బెండ, బీర, సొర గింజలు స్నేహితుల దగ్గర అడిగి తెచ్చి డబ్బాల్లో దాచి ఉంచుతారు. వారమంతా ఆఫీసు కాబట్టి దొరికేది శని, ఆదివారాలే. గురువారం రాత్రి వాన పడుతుంది, శుక్రవారం ఎండ కాస్తుంది, శనివారం పొద్దునకి మడి పైన మట్టి ఆరినట్టే కనిపిస్తుంది. ఇంకేం, టిల్లర్ అద్దెకు తెచ్చి భోజనాల వేళకి పెరడంతా తిరగేస్తారు.

ఆ ఒక్క పూట పని ఆ ఏడాది తోటను దెబ్బతీస్తుంది. మే నెలలో మొక్కలు ఎదగట్లేదనీ, ఆకులు పసుపుబారాయనీ టెన్షన్ పడి ఎరువుల మీద ఎరువులు పోస్తారు. అసలు తప్పు మార్చిలో, పైకి ఆరినట్టు కనిపించి లోపల తడిగా ఉన్న మట్టిని కదిపినప్పుడే జరిగిపోయిందని చాలామందికి తట్టదు. విత్తనం మంచిది కాదనో, ఇక్కడి నేల మన కూరగాయలకు పడదనో అనుకుంటారు. నిజానికి ఇక్కడి నేల మనకు బాగా తెలిసిన నేలే.

ప్లేనో, ఫ్రిస్కో, అలెన్, మెకిన్నీ ఊళ్లు ఉన్న ప్రాంతాన్ని బ్లాక్‌ల్యాండ్ ప్రెయరీ అంటారు. డాలస్‌కు ఉత్తరాన మొదలై దక్షిణాన శాన్ ఆంటోనియో వైపు ఒక పట్టీలా సాగే నల్ల నేల ఇది. ఇందులో పేరున్న మట్టి రకం హ్యూస్టన్ బ్లాక్. నేలల వర్గీకరణలో దాన్ని వర్టిసాల్ అంటారు. మన గుంటూరు, ప్రకాశం, కర్నూలు, ఆదిలాబాద్ వైపు నల్లరేగడి కూడా ఎక్కువగా ఆ వర్గంలోదే. అక్కడిలాగే ఇక్కడా ఒకప్పుడు పత్తి రాజ్యమేలింది. వేసవిలో చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చడం, నాలుగు చినుకులు పడగానే చెప్పులకు బంకలా పట్టుకోవడం రెండు చోట్లా ఒకటే. ఎండాకాలంలో ఇంటి పునాది చుట్టూ సోకర్ హోస్ పెట్టి తడుపుతూ ఉండమని ఇల్లు కొన్నప్పుడు చెప్పేది కూడా ఈ మట్టి గుణం చూసే. నీరు తాగితే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది.

ఇలాంటి మట్టిలో తడి మీద పార పెడితే ఏమవుతుందో తెలియాలంటే మట్టి లోపల ఎలా ఉంటుందో కొంచెం చూడాలి. మంచి తోట మట్టిలో సగమే మట్టి. మిగతా సగం ఖాళీ. ఆ ఖాళీలో సగం నీరు, సగం గాలి ఉంటే వేళ్లకు హాయి. బంకమట్టి రేణువు 0.002 మిల్లీమీటరు కన్నా చిన్నది. అంత సన్నటి రేణువులు విడివిడిగా పేరుకుంటే మధ్యలో గాలికి చోటే ఉండదు. అయితే ఆరోగ్యంగా ఉన్న నేలలో అవి విడివిడిగా ఉండవు. వేళ్ల జిగురు, సూక్ష్మజీవులు, వానపాములు కలిసి వాటిని చిన్న చిన్న రవ్వలుగా కట్టి ఉంచుతాయి. రవ్వకూ రవ్వకూ మధ్య పెద్ద సందులు ఉంటాయి. వాన నీరు కిందికి దిగేది, గాలి లోపలికి వచ్చేది, వేరు దారి చేసుకునేది వాటి గుండానే. రవ్వ లోపలి సన్న సందుల్లో మొక్కకు కావాల్సిన తేమ నిలుస్తుంది.

తడిసినప్పుడు ఈ రవ్వల కట్టు మెత్తబడుతుంది. కదపకుండా వదిలేస్తే మళ్లీ ఆరి గట్టిపడుతుంది. మెత్తగా ఉన్నప్పుడు టిల్లర్ పళ్లు తగిలినా, పార దిగినా, మనిషి కాలు పడినా రవ్వలు చితికి పెద్ద సందులు మూసుకుపోతాయి. తర్వాత ఎండ కాసి ఆరాక మిగిలేది మట్టి పెళ్లలే, సుత్తితో కొట్టినా తేలిగ్గా పగలవు.

వరి రైతు దమ్ములో కావాలని చేసేది సరిగ్గా ఈ పనే. చేలో నీళ్లు పెట్టి, ట్రాక్టర్‌కి కేజ్ వీల్స్ అనే ఇనుప చక్రాలు తగిలించి, మట్టి రవ్వ అన్నది లేకుండా మెత్తటి బురద అయ్యేదాకా తొక్కిస్తాడు. కింద గట్టి పొర కట్టి నీళ్లు ఇంకిపోకుండా నిలవాలి, అదీ ఆయనకు కావాల్సింది. వరికి అది బాగుంటుంది, ఎందుకంటే వరి మొక్క ఆకుల నుంచి కాండం గుండా వేళ్లకు గాలి దింపుకోగలదు. టమాటాకు, మిరపకు, బీరకు ఆ ఏర్పాటు లేదు. వాటి వేళ్లు మట్టిలోని గాలినే పీల్చుకోవాలి. తడి మడిలో టిల్లర్ తిప్పితే పైమట్టి బురదై, పళ్లు ఆగిన లోతులో అదే గట్టి పొర తయారవుతుంది. టమాటా నాటడానికి వరిమడి సిద్ధం చేసుకున్నామన్నమాట.

అందుకే తోటపనిలో మొట్టమొదట నేర్చుకోవాల్సింది పదును చూడటం, అంటే మట్టి తవ్వడానికి సరిపడా తేమలో ఉందో లేదో చూడటం. పైమట్టిని చూసి తేల్చుకోకూడదు. 4 నుంచి 6 అంగుళాల లోతు నుంచి గుప్పెడు మట్టి తీసి పిడికిలి బిగించి ముద్ద చేయండి. ముద్దను బొటనవేలితో నొక్కండి. పొడిపొడిగా విడిపోతే పదును వచ్చినట్టు. విడిపోకుండా వేలి అచ్చు పడి అలాగే ఉంటే ఇంకా ఆగాలి. అసలు ముద్దే కట్టకపోతే మరీ ఎండిపోయింది, కాస్త తడిపి ఒకటి రెండు రోజులు ఆగాలి.

ఇంకో పరీక్ష ఉంది, సివిల్ ఇంజనీరింగ్ చదివినవాళ్లు ల్యాబ్‌లో చేసే ఉంటారు. మట్టిని అరచేతితో దొర్లిస్తూ సన్నని తాడులా చేయాలి. సుమారు 3 మిల్లీమీటర్ల మందం వచ్చేసరికి ముక్కలైతే, ఆ తేమ దగ్గర మట్టి ప్లాస్టిక్ లిమిట్‌లో, అంటే ముద్దలా మలచడానికి వీలయ్యే తేమకు కింది హద్దులో ఉందంటారు. స్వీడన్ రసాయన శాస్త్రవేత్త ఆల్బర్ట్ అట్టర్‌బర్గ్ 1911లో ఈ హద్దులను వివరించాడు. మట్టితో పాత్రలు, ఇటుకలు చేసేవాళ్లకు ఈ హద్దు పైన ఉన్న తేమ కావాలి, కూరగాయలు వేసేవాళ్లకు కింద ఉన్న తేమ కావాలి. మీ మడి మట్టి అగ్గిపుల్ల అంత సన్నని తాడుగా తెగకుండా సాగుతోందంటే ఆ రోజు పార లోపల పెట్టేయండి.

పని మొదలుపెట్టాక కూడా ఒక గుర్తు కనిపిస్తుంది. మొదటి పార దించి తీశాక, పార కోసిన మట్టి ముఖం చూడండి. నున్నగా, తడి గాజులా మెరుస్తుంటే పార ఆ మట్టిని కోయలేదు, పూసేసింది. సందులన్నీ ఆ పూతలో మూసుకుపోయాయి. గరుకుగా, అక్కడక్కడ చిన్న కన్నాలతో, తెగిన వేళ్లతో కనిపిస్తే పని కొనసాగించవచ్చు.

రేగడితో చిక్కేమిటంటే ఈ పదును ఎక్కువ రోజులు నిలవదు. ఇసుక పాలు ఎక్కువున్న నేల వాన పడిన మర్నాడే పనికి వస్తుంది, తర్వాత చాలా రోజులు అలాగే ఉంటుంది. రేగడి మాత్రం జిగురు దశ నుంచి రాయి దశకు త్వరగా వెళ్లిపోతుంది. మధ్యలో దొరికే ఆ కొద్ది రోజులు మన శనివారంతో కలవాలని రాసిపెట్టి ఏమీ ఉండదు. మంగళవారం సాయంత్రం పదును వస్తే ఆఫీసు నుంచి వచ్చాక ఒక గంట పని చేయడం, శనివారం తడి మీద రోజంతా చేసే పని కన్నా వెయ్యి రెట్లు నయం.

ఆగమంటే ఆగడానికి డాలస్‌లో టైమ్ ఎక్కడుందని అడుగుతారు. అడగడం న్యాయమే. ఇక్కడ చివరి మంచు సగటున మార్చి మధ్యకు అటూ ఇటూగా పడుతుంది. జూన్ వచ్చేసరికి పగలు ఎండ మండిపోతుంది, రాత్రులు కూడా చల్లబడవు. పగలు 35 డిగ్రీల సెల్సియస్ దాటి, రాత్రి 24 కన్నా తగ్గకపోతే టమాటా పూత రాలిపోతుంది, కాయ కట్టదు. అంటే టమాటాకు దొరికేది మార్చి, ఏప్రిల్, మే నెలలే. పైగా డాలస్‌లో సగటున ఎక్కువ వాన పడేది మే నెలలోనే. తొందర నిజం, తడి కూడా నిజం. ఈ రెండింటి మధ్య నలిగే జనం తడి మీదే పార దించేస్తారు.

అయితే తొందరపడి నాటినా తడి నేలలో మొక్క పరుగెత్తదు. నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి, అంతే బరువున్న పొడి మట్టికన్నా సుమారు 5 రెట్ల వేడి కావాలి. దానికి తోడు ఆరే నీరు ఉన్న వేడిని లాక్కుపోతుంది. అందుకే మార్చిలో తడి మడి పక్కనున్న ఆరిన మడికన్నా చల్లగా ఉంటుంది. బఠానీ, పాలకూర, మెంతికూర ఆ చల్లదనానికి ఓర్చుకుంటాయి. టమాటా నారుకు నేల కనీసం 60 డిగ్రీల ఫారన్‌హీట్ ఉండాలి, బెండకు 65, బీర, సొర, కాకర లాంటి తీగలకు 70 దాటితేనే మంచిది. చల్లటి తడిలో పడిన బెండ గింజ మొలిచేలోపే కుళ్లుతుంది. మొలిచినా పితియం లాంటి సూక్ష్మజీవులు తెచ్చే నారుకుళ్లు తెగులు పట్టుకుంటుంది, అది తడిలోనే రెచ్చిపోయే రకం. పది పదిహేను డాలర్లు పెట్టి మట్టి థర్మామీటరు కొనుక్కుంటే క్యాలెండర్ చూసి కంగారు పడే అవసరం ఉండదు.

ఆకుల పసుపు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. గాలి అందని మట్టిలో కొన్ని బ్యాక్టీరియాలు నైట్రేటులోని ఆక్సిజన్‌ను వాడేసుకుంటాయి. మీరు వేసిన నత్రజని వాయువుగా మారి గాలిలో కలిసిపోతుంది. అప్పుడు ముందుగా కింది ముదురు ఆకులు పసుపుబారతాయి. పైన లేత ఆకులు పసుపుబారి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఐరన్ లోపం. సున్నం పాలు ఎక్కువున్న ఈ నేలలో ఐరన్ ఉన్నా మొక్కకు అందదు, తడి ఎక్కువైతే ఇంకా అందదు. రెండింటిలోనూ సంచీ ఎరువు కన్నా ముందు కావాల్సింది మట్టి ఆరడం. బురదగా ఉన్నప్పుడు వేసిన యూరియా డబ్బు దండగ.

మట్టిని త్వరగా ఆరబెట్టడానికి చేయగలిగినవి కొన్నే. చలికాలమంతా కప్పిన ఎండాకులు, గడ్డి ఫిబ్రవరి మధ్యలో పక్కకు లాగి ఎండ, గాలి తగలనివ్వాలి. నాటాక మళ్లీ కప్పుకోవచ్చు. వాన వస్తుందని ఫోన్‌లో కనిపించిన రోజు ఒక టార్పాలిన్ మడి మీద పరిచి అంచుల మీద ఇటుకలు పెట్టండి. 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవున్న మడి మీద ఒక్క అంగుళం వాన పడితే దాదాపు 75 లీటర్ల నీరు. అది పక్క కాలువలోకి జారిపోతే వారం కలిసొస్తుంది. తడి మడి మీద ఎట్టి పరిస్థితిలోనూ కాలు పెట్టవద్దు. తప్పదంటే వెడల్పాటి చెక్క వేసి దాని మీద నిలబడండి.

చేయకూడనివి ఎక్కువ. బంకమట్టిలో ఇసుక కలిపితే గుల్లబారుతుందని అందరూ చెబుతారు. కొద్దిపాటి ఇసుక బంకలో ఇరుక్కుని ఇంకా గట్టిపడుతుంది. ప్రయోజనం కనిపించాలంటే మడిలో సగం పైన ఇసుకే పోయాలి, అది పెరట్లో అయ్యే పని కాదు. జిప్సం సంచులు కూడా బాగా అమ్ముడుపోతాయి. జిప్సం చౌడు నేలల్లో, అంటే సోడియం ఎక్కువున్న చోట పని చేస్తుంది. బ్లాక్‌ల్యాండ్ మట్టిలో కాల్షియం ముందే దండిగా ఉంది, ఇంకొంచెం వేస్తే మారేదేమీ లేదు. సున్నం, పొయ్యి బూడిద అసలే వద్దు. అట్లాంటా వైపు ఎర్ర బంకమట్టి ఆమ్ల గుణం ఉన్నది కాబట్టి అక్కడి స్నేహితులు సున్నం వేయమంటారు, వాళ్లకు అది సరైన సలహానే. ఇక్కడ పీహెచ్ సాధారణంగా 7.5 పైనే ఉంటుంది, అంటే నేలకు ముందే క్షార గుణం ఉంది. న్యూజెర్సీ, మిషిగన్ వాళ్లకైతే మంచు భయం మే దాకా ఉంటుంది, కాబట్టి ఏప్రిల్ బురదలో దిగాల్సిన తొందరే లేదు. పిడికిలి పరీక్ష మాత్రం ఏ ఊరికైనా ఒకటే.

మరి ఈ నేలను ఎలా దారికి తేవాలి? దీనికి మంచి జవాబుల్లో ఒకటి మన పటాన్‌చెరులోనే దొరికింది. 1972లో అక్కడ ఏర్పాటైన ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ తొలి రోజుల్లో పట్టుకున్న పెద్ద సమస్యల్లో నల్లరేగడి ఒకటి. లోతైన రేగడి ఉన్న చోట్ల చాలామంది రైతులు వానాకాలమంతా పొలాన్ని ఖాళీగా వదిలేసి, వానలు తగ్గాక రబీలో జొన్న, శనగ వేసుకునేవారు. తడిసిన రేగడిలో అరక దిగదు కదా. శాస్త్రవేత్తలు తయారుచేసిన పద్ధతిలో పొలాన్ని వెడల్పాటి మడులు, మధ్యలో కాలువలుగా చేస్తారు. మడి సుమారు మీటరు, కాలువ అర మీటరు. ఎద్దులైనా, చక్రాలైనా, మనుషులైనా కాలువలోనే నడవాలి. మడిని ఎవరూ తొక్కరు. నీరు కాలువలో పడి మెల్లగా బయటికి పోతుంది. ఇంకో ముఖ్యమైన సంగతి, రబీ పంట కోసిన వెంటనే, నేలలో కాస్త పదును మిగిలి ఉండగానే దుక్కి చేసేసి, తొలకరికి ముందే పొడి మట్టిలో విత్తనం వేసేస్తారు. తడి వచ్చేసరికి దున్నే పని మిగిలి ఉండదు.

పెరటి తోటకు ఈ రెండు సూత్రాలూ చాలు. మడి 4 అడుగుల వెడల్పు దాటకుండా చూసుకుంటే రెండు పక్కల నుంచీ చెయ్యి అందుతుంది, లోపల కాలు పెట్టే పని రాదు. మడుల మధ్య అడుగున్నర బాట వదిలి, బాటలోని మట్టినే ఎత్తి మడి మీద పోస్తే 6 నుంచి 10 అంగుళాల ఎత్తు వస్తుంది. ఆ బాటే కాలువ అవుతుంది. కాలువ చివర మూసేయకుండా, నీరు ఇంటి పునాది వైపు రాకుండా, పక్కింటివాళ్ల కంచె కింద చేరకుండా వాలు చూసుకోవాలి. చెక్క పెట్టెలు పెట్టుకునేవాళ్లు, పెట్టె దించే ముందు కింద ఉన్న రేగడిని పదునులో ఒకసారి పలుగుతో వదులు చేయాలి. లేకపోతే పైన పోసిన మెత్తటి మట్టిలో దిగిన నీరు కింద బంక దగ్గర ఆగిపోతుంది.

ఇక దున్నే పనిని మార్చి నుంచి అక్టోబరుకు జరపండి. నా లెక్కలో ఈ వ్యాసంలో అన్నిటికన్నా విలువైన మాట ఇదే. వేసవి చివర ఎండిన రేగడి మొదటి వానలకు తడిసి ఆరేటప్పుడు పదును చక్కగా దొరుకుతుంది. అప్పుడు పలుగుతో గుల్ల చేసి, 3 అంగుళాల మందాన కంపోస్టు పోయండి. 4 అడుగులు, 8 అడుగుల మడికి 8 ఘనపుటడుగులు, అంటే ఒక ఘనపుటడుగు సంచులు 8 కావాలి. డబ్బు పెట్టగలిగితే ఎక్స్‌పాండెడ్ షేల్ కూడా కలపవచ్చు. కొలిమిలో కాల్చి పొంగించిన ఆ రాతి ముక్కల్లో సన్నటి కన్నాలుంటాయి. ఈ బంకమట్టిలో దాన్ని కంపోస్టుతో పాటు కలపమని టెక్సస్ ఏ అండ్ ఎం వ్యవసాయ విస్తరణ విభాగం చాలాకాలంగా సూచిస్తోంది. ఒకసారి వేస్తే కంపోస్టులా చివికిపోదు. తర్వాత మడిని ఖాళీగా వదలకుండా ఎల్బన్ రై గింజలు చల్లండి. మన జీలుగ, జనుములాగా అది పచ్చిరొట్ట పైరు. చలికాలంలో వేళ్లతో మట్టిని రవ్వ కట్టిస్తుంది, ఫిబ్రవరిలో పెరుగుతూ మడిలోని అదనపు నీటిని తాగేస్తుంది. నాటడానికి మూడు నాలుగు వారాల ముందు దాన్ని మొదలు దగ్గర కోసి అక్కడే పరిచేస్తే సరి.

అక్టోబరులో చేయలేదు, ఇప్పుడు మార్చి వచ్చేసింది అంటారా? అయినా టిల్లర్ అక్కర్లేదు. కృష్ణా డెల్టా రైతును చూడండి. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, నిలబడి ఉన్న వరిలోనే మినుము, పెసర గింజలు చల్లేస్తాడు. కోత అయ్యేసరికి మొలకలు వస్తాయి, నేలలో మిగిలిన తేమతోనే పంట పండుతుంది. వరి కోసిన మాగాణిలో దున్నకుండా, కన్నం చేసి మొక్కజొన్న గింజ వేసే పద్ధతి కూడా కోస్తా జిల్లాల్లో బాగా పాకింది. ఆరని బంక నేలను దున్నడం కన్నా దున్నకపోవడమే మేలని వాళ్లు చేసి చూపించారు.

టమాటా నారుకైనా కావాల్సింది ఒక గుంత. పెరడంతా తిరగేయనవసరం లేదు. మడి పైన చెత్త పక్కకు తీసి, పిడికిలి పరీక్షలో నెగ్గిన చోట మాత్రమే గుంత తవ్వండి. తవ్వాక గుంత గోడలు చూడండి. పార నున్నగా పూసేసి ఉంటే ఆ గుంత పూల కుండీలా నీళ్లు పట్టి ఉంచుతుంది, వేళ్లు కూడా గోడ దాటలేక లోపలే చుట్టుకుంటాయి. చేతి పలుగుతో గోడల్ని గరుకుగా గీరి, తీసిన మట్టిలోనే కాస్త మాగిన కంపోస్టు కలిపి నింపండి. మొక్కను నేల మట్టం కన్నా ఒకటి రెండు అంగుళాలు ఎత్తులో నాటి చుట్టూ మట్టి ఎగదోయండి. బీర, సొర పాదులు కూడా పల్లంగా కాకుండా దిబ్బలా కట్టండి. ఊళ్లో నీళ్లు నిలవాలని పాదు పల్లంగా చేస్తాం, ఇక్కడ మే వానలకు అదే ప్రాణం తీస్తుంది.

ఇప్పటికే తడి మీద తిప్పేసి ఉంటే మళ్లీ తిప్పకండి. పెళ్లల్ని పార వెనకతో బాదితే పిండిగా రాలి, తర్వాతి వానకు మళ్లీ బంకే అవుతుంది. రేగడిని తనను తానే దున్నుకునే నేల అంటారు. తడిసి ఉబ్బి, ఆరి పగిలి, అలా కొన్ని విడతలయ్యాక పైపెళ్లలు వాటంతటవే చిట్లిపోతాయి. అడుగున కట్టిన పొర మాత్రం అంత తేలిగ్గా పోదు. పైన కంపోస్టు పరిచి వదిలేయండి. ఈ ఏడాది టమాటా, మిరప తొట్లలో పెట్టుకుని, ఆ మడిలో నేల వేడెక్కాక గోంగూర, బెండ, అలసంద వేయండి. అవి కొంచెం మొండి మొక్కలు, టమాటా అంత అలగవు. సీజన్ అయిపోయాక మొక్కల్ని పీకకుండా మొదలు దగ్గర కోసేస్తే వేళ్లు లోపలే చివికి సందులు మిగులుస్తాయి. అక్టోబరులో పదును చూసుకుని ఆ అడుగు పొర దాకా ఒక్కసారి పలుగు దించి కదిపి, కంపోస్టు పోసి రై చల్లుకోండి.